కన్నీళ్లకీ మెయింటెనెన్స్ ఉంటుంది

పొడి కళ్లకి మందు వాడుతున్నానని చెబితే జనం మూడు రకాలుగా మాట్లాడతారు. మొదటి రకం: "ఓస్, అంతేనా! నాకూ సాయంత్రానికి మండుతుంటాయి." రెండో రకం: "ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టు, అదే తగ్గుతుంది." మూడో రకం మా పెద్దమ్మ: "అయితే నీకు ఏడుపు రాదుటే? రేపు అప్పగింతలప్పుడు ఎలాగే మరి?"

పెద్దమ్మా, ఏడుపు బ్రహ్మాండంగా వస్తుంది. అవసరం లేనప్పుడు కూడా వస్తుంది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద స్కూటీ ఎక్కి ఎదురుగాలి తగిలితే చాలు, రెండు చెంపల మీదా ధారలే. ఒకసారి సిగ్నల్ దగ్గర పక్క బండి మీదున్న ఆవిడ అద్దం పైకెత్తి మరీ "ఏమైందమ్మా, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అడిగింది. గొడవేం లేదండీ, కళ్లు పొడిబారాయి అంటే ఆవిడకి అర్థం కాలేదు. నాకూ మొదట్లో అర్థం కాలేదు. కళ్లు పొడి అయితే నీళ్లెందుకు కారతాయి?

కారణం ఇది. కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా, మన శరీరంలో నరాలు బాగా ఒత్తుగా ఉండే చోట్లలో ఒకటి. దాని మీద తడి ఆరిపోగానే ఆ నరాలు గోల చేస్తాయి. వెంటనే కన్నీటి గ్రంథి బకెట్‌తో కుమ్మరించినట్టు నీళ్లు వదులుతుంది. కానీ ఆ నీళ్లు నిలవవు. వేడి పెనం మీద చల్లిన నీళ్లలాగా, వచ్చినంత వేగంగా పోతాయి. మళ్లీ పొడి, మళ్లీ గోల.

నిలబడాలంటే నూనె కావాలి. ఈ ఏడాది నేను నేర్చుకున్న పాఠమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

రెప్పల్లో నూనె గానుగలు

మన కంటి మీద కన్నీరు సన్నటి పొరలా పరుచుకుని ఉంటుంది. అడుగున కంటికి అంటిపెట్టుకునే జిగురు, మధ్యలో నీళ్లు, పైన సన్నటి నూనె. ఆ నూనే నీళ్లు ఆవిరైపోకుండా ఆపుతుంది. పాల మీద మీగడ అనుకోండి.

ఈ నూనె తయారయ్యేది రెప్పల్లో. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా సన్నటి గ్రంథులు నిలువుగా, వరసగా ఉంటాయి. 1666లో హైన్రిక్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వీటిని వివరించాడు కాబట్టి మైబోమియన్ గ్రంథులు అంటారు. రెప్ప మూసి తెరిచిన ప్రతిసారీ ఇవి కొంచెం నొక్కుకుని, కాస్త నూనె బయటికి వస్తుంది. అంటే రెప్ప వేయడం అనేది ఒక పంపు కొట్టడం అన్నమాట.

మామూలుగా మనం నిమిషానికి ఓ 15 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ ముందు కూర్చుంటే అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. పైగా వేసే రెప్పల్లో చాలావరకు సగం రెప్పలే. పై రెప్ప కిందకి వస్తుంది కానీ కింది రెప్పని తాకకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. పంపు సగమే కొట్టినట్టు. నూనె బయటికి రాదు, లోపలే చిక్కబడి గడ్డకడుతుంది. దారి మూసుకుపోయిన గ్రంథి మెల్లగా కుంచించుకుపోతుంది. పొడి కళ్లలో ఎక్కువ మందికి ఉండేది నీళ్ల కరువు కాదు, ఈ నూనె కరువే.

నా సంగతి బయటపడింది ఇలా. పొద్దున లేవగానే కంట్లో ఇసుక పోసినట్టు ఉండేది. నలుసు పడిందేమో అని అద్దంలో చూస్తే ఏమీ కనపడేది కాదు. సాయంత్రం నాలుగు దాటితే స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోయేవి, రెప్ప వేస్తే ఒక క్షణం బాగుండి మళ్లీ అలుక్కునేవి. అద్దాల పవర్ మారిందనుకుని వెళ్తే పవర్‌లో తేడా లేదు. అక్కడి నుంచి కార్నియా డాక్టర్ దగ్గరికి పంపారు.

డాక్టర్ ముందు కంట్లో రంగు చుక్క వేసి, నీలం లైటులో చూస్తూ "రెప్ప వేయకుండా ఉండమ్మా" అన్నారు. కన్నీటి పొర ఎన్ని సెకన్లకి చిట్లుతుందో చూసే పరీక్ష అది. 10 సెకన్లకంటే తక్కువైతే తేడా ఉన్నట్టు. నాకు కుడి కన్ను 4, ఎడమ కన్ను 3. తర్వాత కింది రెప్పలో సన్నటి కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు కూర్చోబెట్టారు. ఒట్టో షిర్మర్ అనే ఆయన 1903లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ అలాగే నడుస్తోంది. తడి 10 మిల్లీమీటర్లు దాటితే నీళ్లకి కొరత లేనట్టు. నాది 16, 14. నీళ్లు బానే ఉన్నాయి.

చివరగా రెప్పని తిప్పి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో ఫొటో తీశారు. స్క్రీన్ మీద నలుపు తెలుపుల్లో నా గ్రంథులు. బాగున్నవి హార్మోనియం మెట్లలాగా వరసగా ఉంటాయట. నా కింది రెప్పలు పళ్లు ఊడిన దువ్వెనలా ఉన్నాయి. కొన్ని పొట్టిగా అయిపోయాయి, కొన్నిచోట్ల అసలు ఖాళీ.

"ఇవి మళ్లీ వస్తాయా డాక్టర్?"

"పోయినవాటిని తిరిగి తెప్పించే మందు నా దగ్గర లేదమ్మా. ఉన్నవాటిని కాపాడుకుందాం."

నాకు 28 ఏళ్లు. ఇంకో 30 ఏళ్లు స్క్రీన్ చూస్తేనే జీతం.

నా చీటీలో ఏముంది

ముందే చెబుతున్నా, ఇది నా చీటీ. మీ కంటికి ఏం కావాలో మీ డాక్టరే చెప్పాలి.

ఒకటి, కాపడం. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు. లోపల గడ్డకట్టిన నూనె కరగాలంటే రెప్ప దగ్గర 40 డిగ్రీల వేడి కాసేపు నిలవాలి. వేడినీళ్లలో ముంచిన బట్ట రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. అందుకే నేను వేడి చేసుకునే కళ్ల మాస్క్ కొనుక్కున్నా. కాపడం తర్వాత రెప్పల్ని వేలితో మెల్లగా, పై రెప్పని కిందకి, కింది రెప్పని పైకి రాయాలి. ఆ తర్వాత రెప్పల అంచులు శుభ్రం చేసుకోవాలి. మా రూమ్మేట్ దీనికి "మేడమ్ గారి స్పా" అని పేరు పెట్టింది.

రెండు, కృత్రిమ కన్నీళ్లు. ఇవి ప్రిజర్వేటివ్ లేనివి. మామూలు డ్రాప్స్ సీసా పాడవకుండా బెంజల్కోనియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు. అవి రోజుకి నాలుగుసార్లకి మించి వేస్తే కంటి పైపొరనే గీరుతాయి. ఒక చుక్క చాలు. కంటికి పట్టేదానికంటే ఒక చుక్కే పెద్దది, రెండోది చెంప తాగుతుంది. రెండు రకాల మందులుంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగాలి. కళ్ల ఎరుపు పోగొట్టే డ్రాప్స్ వేరే జాతి. అవి రక్తనాళాల్ని బిగిస్తాయి తప్ప తడి ఇవ్వవు. అలవాటైతే మానేసినప్పుడు ఎరుపు రెట్టింపై వస్తుంది.

మూడు, వాపు తగ్గించే మందులు. మొదటి కొన్ని వారాలు తక్కువ పవర్ స్టెరాయిడ్ చుక్కలు, దాంతో పాటే 0.05 శాతం సైక్లోస్పోరిన్ రోజుకి రెండుసార్లు. ఈ సైక్లోస్పోరిన్ అసలు కిడ్నీలాంటి అవయవాలు మార్చినవాళ్లకి, కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే మందు. చుక్కల రూపంలో పొడి కళ్లకి అమెరికాలో 2002 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది. కంటి మీద మన రక్షణ వ్యవస్థ రేపే వాపుని ఇది మెల్లగా చల్లారుస్తుంది. మెల్లగా అన్న మాట గుర్తుపెట్టుకోండి.

నాలుగు, ఇంట్లోవాళ్ల చీటీ. "రెండు చుక్కలు ఆముదం వెయ్యవే, చల్లగా ఉంటుంది" అని అమ్మమ్మ. తేనె అని ఇంకొకరు, పన్నీరు అని మరొకరు. డాక్టర్ నవ్వి, "వంటింట్లోవి వంటింట్లోనే ఉంచమని చెప్పమ్మా" అన్నారు. కాటుక కూడా రెప్ప లోపలి అంచు మీద వద్దన్నారు, ఆ గ్రంథుల నోళ్లు తెరుచుకునేది అక్కడే కాబట్టి. బయట సన్నగా లైనర్ గీసుకుంటున్నా. కాటుక లేని నా మొహం చూసి "జ్వరమా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

చేప నూనె గుళికల గురించి నేనే అడిగాను, ఎందుకంటే వాటి ప్రకటనలు నా ఫోన్‌ని వదలట్లేదు. అమెరికాలో 535 మంది మీద చేసిన పెద్ద పరిశోధన 2018లో వచ్చింది. కొందరికి రోజుకి 3,000 మిల్లీగ్రాముల ఒమేగా 3, మిగతావాళ్లకి ఆలివ్ నూనె గుళికలు, ఏడాది పాటు. రెండు గుంపుల్లోనూ బాధ కొంత తగ్గింది, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం లేదు. కాబట్టి గుళికల డబ్బు మిగిలింది. చేపల పులుసు మాత్రం అమ్మ చేస్తే తింటా. అది రుచి కోసం, కంటి కోసం కాదు.

మూడో నెల

స్టెరాయిడ్ మొదలెట్టిన పది రోజులకే కళ్లు తేలికయ్యాయి. అయిపోయింది అనుకునేంత సుఖం. కానీ అది ఎక్కువకాలం వేసేది కాదు. కంటిలో ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం రావొచ్చు. డాక్టర్ కంటి ప్రెషర్ చూసుకుంటూ తగ్గించి ఆపేశారు. ఆ తర్వాత మిగిలింది సైక్లోస్పోరిన్. అది వేసిన ప్రతిసారీ మిరపకాయ చెయ్యి తగిలినట్టు మంట. పని మాత్రం కనపడదు.

మూడో నెలలో ఒక రాత్రి రిలీజ్. రెండున్నరకి లాగ్స్ చదువుతుంటే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఒక కన్ను మూసి ఇంకో కంటితో చదివాను, తర్వాత అది మూసి ఇది. పని పూర్తయింది. ఇంటికొచ్చాక స్క్రీన్ చూడని ఉద్యోగాలు ఏమున్నాయా అని వెతికాను. ఆ వెతుకులాట కూడా స్క్రీన్ మీదే అనుకోండి. నాన్న రిటైర్మెంట్ డబ్బు పెట్టి తీసుకున్న ఫ్లాట్‌కి ఈఎంఐ నేను కడుతున్నా. ఆ ఈఎంఐ కట్టగల ఉద్యోగం ఒక్కటీ నా డిగ్రీకి దొరకలేదు.

మందు ఆపేస్తానని డాక్టర్‌కి చెప్పాను. మూడు నెలలు మంట భరించాను, లాభం లేదు, ఇంకేదన్నా ఇవ్వండి అని. రెప్పల మీద వెలుగు కొట్టే ఐపీఎల్ చికిత్స చేయించుకోనా అని కూడా అడిగాను. ఆవిడ నా ఫైలు తిప్పి చూసి అన్నారు: "ఐపీఎల్ కొందరికి బాగా పనిచేస్తుంది. అవసరమైతే చేద్దాం, అదీ ఒక్కసారితో అయిపోయేది కాదు. ఈ చుక్కలు పనిచెయ్యడం మొదలెట్టేదే మూడు నుంచి ఆరు నెలల మధ్య. నువ్వు సరిగ్గా గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి పోతానంటున్నావు."

ఇంకో సంగతి కూడా చెప్పారు. ఈ జబ్బులో పరీక్షలూ బాధా ఎప్పుడూ కలిసి నడవవట. అంకెలు బాగుపడినా మంట ఉండొచ్చు, అంకెలు బాగోకపోయినా కొందరికి ఏమీ అనిపించకపోవచ్చు. అందుకని రోజూ "తగ్గిందా?" అని అడుక్కోవద్దన్నారు. నెలకోసారి చూసుకోమన్నారు.

ఆ ఆదివారం నాన్నతో ఫోన్‌లో మాట్లాడాను. నాన్న తెనాలి డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. "మాకు కంటి పరీక్ష పాసవకపోతే స్టీరింగ్ ఇవ్వరమ్మా. మీ ఆఫీసులో అలాంటిది లేదా?" అన్నారు. లేదు నాన్నా అన్నాను. కాసేపాగి, "బండి దారిలో ఆగిపోయాక చేసేది రిపేరు. డిపోలో రోజూ రాత్రి చేసేది వేరు. ఆయిలూ గాలీ చూసి పొద్దున బయటికి పంపుతారు. దాన్ని ఎవరూ 'ఎప్పటికి అయిపోద్ది' అని అడగరు" అన్నారు.

నేను అడుగుతున్నది సరిగ్గా అదే. ఎప్పటికి అయిపోద్ది అని.

ఈటీఏ లేని టికెట్

ఆఫీసులో చెప్పడం కంటి పరీక్ష కంటే కష్టం. కాలికి కట్టు ఉంటే లిఫ్ట్ ఆపి మరీ ఎక్కించుకుంటారు. పొడి కళ్లకి కట్టు ఉండదు. చూడ్డానికి మామూలుగానే ఉంటాం. పైగా అప్రైజల్ నెల. "ఏసీ పడదట, కళ్లు మండుతాయట" అనే మాట నా వెనక వినపడింది కూడా.

అయినా మేనేజర్‌తో కూర్చున్నాను. ఆయన అంతా విని, అలవాటు ప్రకారం అడిగారు: "ఓకే, ఈటీఏ ఎంత?"

"ఈటీఏ లేదు సార్. ఇది క్లోజ్ అయ్యే టికెట్ కాదు. కానీ నాకు కావాల్సినవి మూడున్నాయి." ఏసీ గాలి నేరుగా మొహానికి కొట్టని సీటు. మానిటర్ కంటి మట్టానికి కాస్త కిందకి దించుకునే స్టాండ్, ఎందుకంటే కిందకి చూసేటప్పుడు రెప్ప కొంచెం వాలి కన్ను తక్కువ తెరుచుకుంటుంది, తడి తక్కువ ఆరుతుంది. నెలలో రెండు రాత్రి రిలీజుల బదులు ఒకటి, దానికి బదులు పగటి సపోర్ట్ ఎక్కువ తీసుకుంటాను.

సీటు మర్నాడే మారింది. స్టాండ్ వారంలో వచ్చింది. రాత్రి షిఫ్ట్ మారడానికి రెండు నెలలు పట్టింది, మధ్యలో మూడుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. అప్రైజల్ మీద దీని ప్రభావం పడిందా లేదా నాకు తెలీదు, తెలుసుకునే దారీ లేదు. కానీ చెప్పకుండా ఒక కన్ను మూసుకుని లాగ్స్ చదివితే ఏం జరిగేదో తెలుసు.

ఖర్చు కూడా చెప్పాలి. డ్రాప్స్, చుక్కలు, రెప్పలు తుడిచే వైప్స్ కలిపి నాకు నెలకి 1,800 రూపాయల దాకా అవుతోంది. నా ఇన్సూరెన్స్ ఆసుపత్రిలో చేరితేనే ఇస్తుంది. పొడి కళ్లకి ఎవరూ చేర్చుకోరు. ఇంత పెట్టలేనివాళ్లు పరీక్షే మానుకోవద్దు. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే. విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కాపడానికి, పూర్తి రెప్పకి డబ్బులక్కర్లేదు.

ఇప్పుడు ఏడో నెల. మొన్నటి పరీక్షలో కుడి కన్ను 7 సెకన్లు, ఎడమ కన్ను 6. పది కాలేదు. ఫొటోలో కొత్త గ్రంథులేవీ రాలేదు, ఉన్నవి మాత్రం అలాగే ఉన్నాయి. డాక్టర్ దాన్నే మంచి వార్త అన్నారు. పొద్దున్న ఇసుక వారంలో ఒకటి రెండు రోజులే. చుక్కల మంట కూడా అలవాటై తగ్గింది. మొన్న శనివారం మధ్యాహ్నం మూడింటికి హఠాత్తుగా గుర్తొచ్చింది, పొద్దున్నుంచి నాకు కళ్లున్నాయన్న సంగతే గుర్తు రాలేదని. ఆరోగ్యం అంటే అదే కాబోలు.

మీకూ మండుతుంటే

రోజుల తరబడి మంట, ఇసుక, అలుక్కునే చూపు ఉంటే ఒకసారి కంటి డాక్టర్‌కి చూపించుకోండి. అద్దాల షాపులో పవర్ చూపించుకోవడం వేరు, ఇది వేరు. కళ్లతో పాటు నోరు కూడా ఎండిపోతూ, కీళ్ల నొప్పులుంటే అది తప్పకుండా చెప్పండి. షోగ్రెన్ అనే జబ్బు అలా మొదలవ్వచ్చు, దాని దారి వేరు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్, అలర్జీకి మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, ఇవి కళ్లని ఎండబెట్టగలవు. మీ అంతట మీరు ఆపేయకండి. కాంటాక్ట్ లెన్సులు, లేసిక్ ఆపరేషన్ సంగతీ దాచొద్దు. గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం ఉంటే డ్రాప్స్‌తో కాలక్షేపం వద్దు, ఆ రోజే వెళ్లండి.

20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరం, 20 సెకన్లు చూడాలనే సూత్రం మీరు వినే ఉంటారు. మంచిదే, దగ్గర చూసి అలిసిన కంటి కండరాలకి విశ్రాంతి. దానికి నేను ఒకటి కలుపుకున్నా: ఆ 20 సెకన్లలో నాలుగు నిండు రెప్పలు. మెల్లగా మూసి, ఒక్క క్షణం ఉంచి, తెరవడం.

ఈ వ్యాసం మీరు ఫోన్‌లోనే చదివి ఉంటారు, సగం సగం రెప్పలేస్తూ. ఇప్పుడు ఒక్కసారి నిండుగా వేయండి. పై రెప్ప కింది రెప్పని తాకాలి.